నల్లమల దాటే ముందు: దూర ప్రయాణానికి కారు సన్నద్ధత

పశ్చిమ ప్రకాశంలోని ఏ ఊరి నుంచి దూర ప్రయాణం మొదలైనా కారుకు ఎదురయ్యే పరీక్షలు ముఖ్యంగా రెండు: మొదటిది నల్లమల, రెండవది ఎండ. గిద్దలూరు నుంచి నంద్యాలకు ఉన్న సుమారు 60 కిలోమీటర్ల దారిలో దిగువమెట్ట దాటింది మొదలు గాజులపల్లె వచ్చేదాకా అడవి, మలుపులు, ఎత్తుపల్లాలే ఉంటాయి. దోర్నాల నుంచి శ్రీశైలానికి ఉన్న సుమారు 50 కిలోమీటర్ల దారీ అటువంటిదే. నకిరేకల్ నుంచి ఏర్పేడు దాకా సాగే 565వ జాతీయ రహదారి మాచర్ల, యర్రగొండపాలెం, మార్కాపురం, కనిగిరి మీదుగా పోతుంది. గుంటూరు, అనంతపురాలను కలిపే 544డి రహదారి వినుకొండ, కంభం, గిద్దలూరు మీదుగా సాగుతుంది. ఘాట్ ఎక్కవలసిన అవసరం లేని దారిని ఎంచుకున్నా, చెట్టు నీడ కరువైన మెట్ట నేలల మధ్య గంటల తరబడి ఎండలో నడవక తప్పదు. వేసవిలో ఇక్కడ 42 డిగ్రీలు దాటే రోజులు చాలా ఉంటాయి; అటువంటి మధ్యాహ్నం తారు రోడ్డు ఉపరితలం 60 డిగ్రీల పైకి కూడా వేడెక్కగలదు.

ఈ కారణంగా ఇక్కడి వాహన యజమాని పాటించవలసిన మూలసూత్రం ఒకటుంది. కారు సన్నద్ధతను మొత్తం దూరాన్ని బట్టి కాక ఆ దూరంలోని అతి కఠినమైన భాగాన్ని బట్టి కొలవాలి. మార్కాపురం నుంచి హైదరాబాద్ వెళ్ళే కారు తన ప్రయాణంలో ఎక్కువ భాగం చదునైన రోడ్డు మీదనే నడుస్తుంది, ఆ భాగానికి ఊళ్ళో రోజూ తిరిగే బండి స్థితి సరిపోతుంది. శ్రీశైలం దారి పట్టినప్పుడు ఘాట్‌లో గడిచే ఆ రెండు గంటలకు మాత్రం అది సరిపోదు. ఊళ్ళో రోజూ తిరిగే కారులో సగం అరిగిన బ్రేకు, కాస్త కారే హోస్ పైపు, బలం తగ్గిన బ్యాటరీ నెలల తరబడి బయటపడకుండా ఉంటాయి, ఎందుకంటే ఊళ్ళో ఏ లోపమైనా పది నిమిషాల్లో మెకానిక్ దగ్గరకు చేరుతుంది. ఆ లోపాలే అడవి మధ్యలో, ఫోను సిగ్నల్ అందని చోట, కుటుంబమంతా బండిలో ఉన్నప్పుడు బయటపడితే పర్యవసానం వేరుగా ఉంటుంది. సంక్రాంతికో శివరాత్రికో సొంత ఊరికి వచ్చి, మళ్ళీ హైదరాబాద్‌కో బెంగళూరుకో పని మీద తిరిగి వెళ్ళే కుటుంబాలు ఈ ప్రాంతంలో వేలల్లో ఉన్నాయి కనుక ఈ జాగ్రత్తలను కారు మీద మోజు ఉన్నవారి విషయంగా భావించడం పొరపాటు.

సన్నద్ధతకు మొదటి మెట్టు సమయం. బయల్దేరే ముందు రోజు సాయంత్రం బండిని షెడ్డుకు తీసుకుపోయే అలవాటు చాలామందిలో ఉంది, అది మంచిది కాదు. విప్పి బిగించిన ప్రతి భాగం కొద్ది దూరం నడిస్తేనే దాని బిగింపు సరిగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. క్లిప్పు వదులుగా ఉన్న పైపు గానీ, సరిగా కుదురుకోని బ్రేకు ప్యాడ్లు గానీ మొదటి 50 కిలోమీటర్లలోనే తమ లోపాన్ని చూపుతాయి. కావున కనీసం పది రోజుల ముందు బండిని చూపించి, తర్వాత మార్కాపురం నుంచి కంభం దాకా వెళ్ళి వచ్చేంత దూరం నడిపి చూసి, మిగిలిన లోపాలను సరిచేయించుకునే వ్యవధి ఉంచుకోవాలి. మెకానిక్‌తో మాట్లాడే తీరు కూడా ముఖ్యమే. ‘అన్నా, ఊరికి పోవాల, బండి ఒకసారి చూడు’ అని తాళాలు ఇచ్చి వెళ్ళిన యజమానికి ఆయిలు, గాలి చూసిన బండి తిరిగి వస్తుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎందరు ఎక్కుతారో, ఎంత సామాను ఉంటుందో చెప్పి, బ్రేకు ప్యాడ్లు చక్రం విప్పి చూపించమని, రేడియేటర్ ఫ్యాను తిరుగుతున్నదో లేదో దగ్గరుండి చూపించమని అడిగిన యజమానికి మాత్రం తన కారు అసలు స్థితి తెలుస్తుంది. అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. పని తెలిసిన మెకానిక్ అటువంటి ప్రశ్నలను గౌరవిస్తాడు.

అన్నింటికంటే ముందు చూడవలసినది ఇంజనును చల్లబరిచే వ్యవస్థ. ఇంజనులో పుట్టే వేడిని కూలెంట్ అనే ద్రవం తనలోకి తీసుకుని బండి ముందు భాగంలో ఉన్న రేడియేటర్‌కు చేరుతుంది. అక్కడి సన్నని గొట్టాలలో పారుతూ, పలుచని రేకుల మధ్య నుంచి వీచే గాలికి చల్లబడి తిరిగి ఇంజనులోకి పోతుంది. చదునైన రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో నడిచే కారుకు ఎదురుగాలే చాలినంత చల్లదనాన్ని ఇస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు పరిస్థితి తిరగబడుతుంది: బరువు లాగవలసి రావడం వల్ల ఇంజనులో వేడి పెరుగుతుంది, అదే సమయంలో రెండో గేరులో మెల్లగా నడవడం వల్ల ఎదురుగాలి తగ్గుతుంది, భారమంతా రేడియేటర్ వెనుక ఉన్న ఫ్యాను మీద పడుతుంది. కనుక ఆ ఫ్యాను పనిచేస్తున్నదని ముందే నిర్ధారించుకోవాలి. బండి నిలిపి ఉంచి ఇంజను, ఏసీ రెండూ వేసి కొద్దిసేపు వేచి ఉంటే దాని శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. రేడియేటర్ రేకుల మధ్య పురుగులు, గడ్డి పరకలు, దుమ్ము పేరుకుని ఉంటే గాలి లోపలికి పోదు కాబట్టి తక్కువ ధారతో నీళ్ళు పట్టి శుభ్రం చేయించాలి. ప్రెషర్ పంపుతో దగ్గర నుంచి కొడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి.

ఈ ప్రాంతంలో రేడియేటర్‌కు ఎండ కంటే పెద్ద శత్రువు నీరు. పశ్చిమ ప్రకాశం భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండటం, కనిగిరి మొదలైన చోట్ల అది మనుషుల ఎముకలను, పళ్ళను దెబ్బతీయడం అందరికీ తెలిసినదే. వాహనానికి చేటు చేసేది ఆ నీటిలోని మరొక గుణం, కాఠిన్యం. అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి ఉండటం. బోరు నీళ్ళు రోజూ కాచే గిన్నె అడుగున గోటితో గీకినా రాని తెల్లటి పొర కట్టడం ఇక్కడి ప్రతి ఇంట్లో కనిపిస్తుంది. రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసినప్పుడు సన్నని గొట్టాల లోపల కట్టేది సరిగ్గా ఆ పొరే. అది వేడిని బయటికి పోనివ్వదు, గొట్టాలను క్రమంగా మూసివేస్తుంది, నీటి పంపును అరగదీస్తుంది. ‘ఎండాకాలం కదా, కాసిని నీళ్ళు పోద్దాం’ అని రెండు మూడేళ్ళు బిందెలతో నీళ్ళు పోసిన కారు ఊళ్ళో ఇబ్బంది లేకుండా తిరిగినా, ఘాట్ సగం ఎక్కేసరికి వేడెక్కి ఆగిపోవడానికి మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది.

కూలెంట్ అనేది ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని, తుప్పును అడ్డుకునే మందులను డిస్టిల్డ్ వాటర్‌తో, అంటే ఆవిరిగా మార్చి తిరిగి చల్లబరిచిన లవణరహిత జలంతో కలిపిన మిశ్రమం. సగం సగం పాళ్ళలో కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని పెంచి ఉంచుతుంది కనుక ఆ హద్దు 120 డిగ్రీలు దాటి పైకి పోతుంది. మూతలోని రబ్బరు వాషరు ఎండిపోయినా, స్ప్రింగు బలహీనపడినా పీడనం నిలవదు, కూలెంట్ ముందే మరగడం మొదలుపెడుతుంది; తక్కువ ధరకు దొరికే ఈ చిన్న భాగాన్ని పట్టించుకునేవారు అరుదు. దుకాణాలలో దొరికే కూలెంట్ రెండు రకాలు: నేరుగా పోయదగినది, నీరు కలిపి పోయవలసినది. డబ్బా మీద రాసినది చదవకుండా కలిపితే పాళ్ళు చెడిపోతాయి. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కంపెనీల కూలెంట్లు ఒకటే అనుకోకుండా, కారుతో వచ్చిన పుస్తకంలో సూచించిన రకాన్నే వాడాలి. హోస్ పైపులను ఇంజను చల్లగా ఉన్నప్పుడు చేతితో నొక్కి చూడాలి; పగుళ్ళు కనిపించినా, మరీ మెత్తగా ఉబ్బినట్లు తోచినా మార్చివేయాలి. క్లిప్పుల దగ్గర ఎండిన కూలెంట్ మరక ఉంటే అక్కడ కారుతున్నట్లే లెక్క.

ఇంత చేసినా ఘాట్‌లో వేడి సూచిక పైకి పోవచ్చు. అప్పుడు ఏసీ ఆపి, కారులోని హీటరును పూర్తిగా తెరిచి, ఫ్యాను వేగం పెంచాలి; ఇంజను వేడిలో కొంత భాగం హీటరు గుండా కారులోకి మళ్ళుతుంది. ప్రయాణికులకు అది బాధగానే ఉంటుంది, అయినా కొద్ది నిమిషాల బాధ ఇంజనును కాపాడగలదు. సూచిక ఎరుపు గీతకు చేరితే మలుపు లేని, వెనుక వచ్చే వాహనాలకు కనిపించే చోట ఆపి ఇంజను కట్టివేయాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. పీడనం ఒక్కసారిగా తగ్గి, మరిగే ద్రవం ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, పైపు మీద చేయి నిలిచేంత చల్లబడిన తర్వాతే మూత జోలికి పోవాలి. కూలెంట్ లేకుండా అడవిలో చిక్కుకున్నవారు వెంట ఉన్న తాగునీటిని పోసి ఊరు చేరుకోవడంలో తప్పు లేదు, కానీ చేరిన వెంటనే ఆ నీటిని తీయించి మళ్ళీ కూలెంట్ నింపించాలి.

టైర్ల విషయంలో ఈ ప్రాంతమంతటా బలంగా నాటుకున్న ఒక నమ్మకాన్ని ముందుగా సరిచేయవలసి ఉంది. ఎండాకాలంలో వేడికి గాలి వ్యాకోచించి టైరు పగులుతుందని, అందుకే నాలుగైదు పాయింట్లు తగ్గించి పట్టించాలని అనుభవమున్న డ్రైవర్లు కూడా చెబుతుంటారు. వాస్తవానికి వేగంగా నడిచేటప్పుడు టైరు పేలడానికి ప్రధాన కారణాలలో ఒకటి గాలి తక్కువగా ఉండటమే. గాలి తగ్గిన టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తాయి, ఆ కదలికకు లోపలి పొరలు వేడెక్కుతాయి, ఆ వేడికి పొరలు విడిపోయి టైరు పగులుతుంది. కారు తయారుచేసేవారు నిర్ణయించిన కొలత, డ్రైవరు తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద అతికించిన పట్టికలో ఉంటుంది. అందులో ఇద్దరు ప్రయాణించేటప్పటికి ఒకటి, నిండు బరువుకు ఒకటి చొప్పున రెండు అంకెలు ఉండటం సాధారణం. దూర ప్రయాణానికి చూడవలసినది రెండవ అంకె. పీఎస్‌ఐ అనే ఈ కొలతను టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే ఉదయాన్నే, రెండు మూడు కిలోమీటర్లకు మించి నడపకముందే చూడాలి. పొద్దున 33 ఉన్న టైరు మధ్యాహ్నం ఎండలో నడిచిన తర్వాత 37 లేదా 38 చూపడం సహజమే. దాన్ని చూసి గాలి తీయించినవారు రాత్రికి తక్కువ గాలితో నడుస్తున్నట్లు అవుతుంది.

టైరు అరుగుదలకు హద్దు 1.6 మిల్లీమీటర్లు. గాళ్ళ అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్లే. పశ్చిమ ప్రకాశంలో తక్కువ దూరాలు తిరిగే కార్లకు మరొక ప్రమాదం ఉంది: అరగకుండానే ముసలివైపోయే టైర్లు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ముద్రించిన నాలుగు అంకెలు టైరు పుట్టిన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి; 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఎండలో నిలబడిన టైరులో రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్ళు తీస్తుంది కనుక ఐదారేళ్ళు దాటిన టైర్లను, గాళ్ళు లోతుగానే ఉన్నా, దూర ప్రయాణానికి ముందు నిపుణుడికి చూపించి మార్చుకోవడం క్షేమం.

స్టెప్నీ అని పిలిచే అదనపు చక్రం విషయంలో జరిగే అశ్రద్ధ ఇంతా అంతా కాదు. కారు కొన్న నాటి నుంచి ఒక్కసారి కూడా గాలి కొలవని స్టెప్నీలు అనేకం. అవసరమైన రోజున అవి చదునుగా బయటికి వస్తాయి. కొన్ని కార్లలో స్టెప్నీ మిగతా చక్రాల కంటే చిన్నది, దాని మీద 80 కిలోమీటర్ల వేగం మించకూడదని రాసి ఉంటుంది. గాలి తగ్గినప్పుడు హెచ్చరించే వ్యవస్థ, పంక్చర్ కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలను సవరించిన తర్వాత, అసలు స్టెప్నీయే లేని కార్లు కూడా వచ్చాయి. ఆ కిట్టులోని జిగురు మేకు గుచ్చుకున్న రంధ్రాన్ని పూడ్చగలదు గానీ రాయి కోసిన పక్క గోడను పూడ్చలేదు. కావున యజమాని ఒకసారి డిక్కీ అడుగు పలకను ఎత్తి, ఏముందో ఏమి లేదో కళ్ళారా చూసి, జాకీ వేసి, వీల్ స్పానర్‌తో ఒక బోల్టునైనా వదులు చేసి మళ్ళీ బిగించి చూడాలి. గాలి గన్నుతో బిగించిన బోల్టులు చేతి స్పానర్‌కు లొంగవని తెలుసుకోవడానికి ఇంటి ముంగిలి మంచి చోటు, అడవి మలుపు కాదు.

బ్రేకుల గురించి చెప్పుకునేటప్పుడు ఘాట్ దిగే కారు ఎంత శక్తిని పోగొట్టుకోవాలో ముందు గ్రహించాలి. మనుషులు, సామానుతో కలిపి ఒకటిన్నర టన్నుల బరువున్న కారు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వెలువడే శక్తి, 30 డిగ్రీల వేడిమి గల 15 లీటర్ల నీటిని మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. డ్రైవరు ఇంజను సహాయం తీసుకోకుండా బ్రేకు పెడల్ మీదనే ఆధారపడితే ఆ వేడిలో చాలా భాగాన్ని నాలుగు చక్రాలలోని కొద్దిపాటి లోహమే భరించాలి. ప్యాడ్లు హద్దు మీరి వేడెక్కినప్పుడు వాటి పట్టు తగ్గిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. అంతకంటే ప్రమాదకరమైనది బ్రేక్ ఆయిల్ మరగడం. పెడల్ మీది ఒత్తిడిని చక్రాలకు చేరవేసే ఆ ద్రవం గాలిలోని తేమను క్రమంగా పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన తర్వాత ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, బుడగలు ఒత్తిడికి నలిగిపోతాయి కాబట్టి పెడల్ నేల దాకా దిగిపోయినా చక్రానికి పట్టు అందదు. డబ్బాలో ఆయిలు గీత దాకా నిండుగా ఉన్నా లోపల తేమ ఎంత పట్టిందో కంటికి తెలియదు. రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్‌ను పూర్తిగా మార్పించడం ఈ ప్రాంతపు కార్లకు తప్పనిసరి నియమంగా ఉండాలి.

ప్యాడ్లలో మిగిలిన మందం 3 మిల్లీమీటర్లకు దగ్గరైతే ప్రయాణానికి ముందే మార్చాలి; వెనుక చక్రాలలో డ్రమ్ములు ఉన్న కార్లకు డ్రమ్ము విప్పి బ్రేక్ షూలను చూడాలి. అన్నీ బాగున్నా దిగే తీరు తెలియకపోతే ఫలితం ఉండదు. పాత లారీ డ్రైవర్లు పాటించే పద్ధతే నేటికీ సరైనది: ఏ గేరులో ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలి. చిన్న గేరులో ఉన్న ఇంజను చక్రాల వేగాన్ని తానే అదుపు చేస్తుంది, అప్పుడు బ్రేకును మలుపుల ముందు కొద్దిసేపు గట్టిగా నొక్కి వదిలితే చాలు. ఇంధనం మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. నేటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే ఇంజనుకు ఇంధనం ఆగిపోతుంది కనుక న్యూట్రల్‌లో మిగిలేదీ ఏమీ లేదు. ఆటోమేటిక్ కారు యజమానులు తమ బండిలో చిన్న గేరును పట్టి ఉంచే మీట ఎక్కడుందో ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. విద్యుత్ కార్లు దిగేటప్పుడు మోటారే బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపుకుంటుంది, అయితే నిండుగా ఛార్జి అయిన బ్యాటరీకి అదనంగా తీసుకునే చోటు ఉండదు కాబట్టి కొండ మీద నూరు శాతం నింపుకుని దిగడం సరికాదు.

మిగతా భాగాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇంజను ఆయిలును చదునైన చోట బండి ఆపి కొన్ని నిమిషాల తర్వాత డిప్ స్టిక్‌తో చూడాలి. పై గీత దాటడం కూడా లోపమే. మార్కాపురం చుట్టుపక్కల పలకల గనులు, రాతి పనులు జరిగే చోట్ల తిరిగే కార్ల ఎయిర్ ఫిల్టర్లు పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే దుమ్ముతో నిండుతాయి. ఇంజను ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్లు. ఎండ బ్యాటరీ ఆయుష్షును హరిస్తుంది కనుక మూడేళ్ళు దాటినదాన్ని దుకాణంలో పరీక్ష చేయించాలి, నీళ్ళు పోసే రకమైతే అందులోనూ డిస్టిల్డ్ వాటరే పోయాలి. వైపర్ రబ్బర్లు ఎండకు బిరుసెక్కి ఉంటాయి, వాటి అవసరం తొలి వాన పడిన క్షణాన గానీ గుర్తు రాదు.

బరువు విషయంలో మాత్రం కాస్త నిలిచి ఆలోచించాలి. ఊరి నుంచి తిరుగు ప్రయాణమయ్యే కారులో బియ్యం బస్తాలు, కందిపప్పు, మిరపకాయలు, పచ్చడి జాడీలు ఎక్కడం ఇక్కడి మర్యాద, ఆప్యాయత. చిన్న కారు మోయగల మొత్తం బరువు, మనుషులతో కలిపి, సాధారణంగా 400 కిలోలకు అటూ ఇటుగా ఉంటుంది. 65 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 325 కిలోలు వారికే పోతాయి. మిగిలిన 75 కిలోలలో రెండు 25 కిలోల బస్తాలు పెట్టాక దుస్తుల పెట్టెలకు చోటు తక్కువే. అంతకు మించితే బ్రేకులకు, టైర్లకు, ఇంజనుకు ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి. పైకప్పు మీద కట్టిన బరువు మలుపులలో బండిని పక్కకు లాగుతుంది కనుక బస్తాలను డిక్కీలో కిందికి, వెనుక సీటుకు ఆనించి పెట్టాలి. పెద్దమ్మ ఇచ్చిన బస్తాను కాదనలేనివారు దాన్ని బస్సు పార్సిల్‌లో పంపించుకోవచ్చు.

దారి, వేళ కూడా సన్నద్ధతలో భాగమే. దోర్నాల, శ్రీశైలం మధ్య అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యానికి చెందినది కావడంతో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా అటవీ శాఖ గేట్లు మూసి ఉంచుతుంది. కృష్ణకు ఆవల తెలంగాణ వైపు మన్ననూరు దగ్గర కూడా ఇదే కట్టుబాటు. హైదరాబాద్‌లో సాయంత్రం పని ముగించుకుని ఈ దారిన బయల్దేరినవారు మన్ననూరు గేటు దగ్గర తెల్లవార్లూ వేచి ఉండవలసి వస్తుంది, లేదా ఆ గడువు అందుకోవాలన్న తొందరలో మలుపుల మీద వేగం పెంచుతారు; రెండవది మరింత చేటు. ఆలస్యమైనవారికి నాగార్జునసాగర్, మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా వచ్చే దారి మేలు. అడవిలో ప్రవేశించే ముందే ఇంధనం నింపుకోవాలి, దారి పటాన్ని ఫోనులో ముందే దించుకోవాలి, ఏ వేళకు గేటు దాటారో ఇంట్లో ఒకరికి చెప్పాలి. లైసెన్సు, ఆర్‌సీ, బీమా పత్రాలు డిజీలాకర్‌లో ఉంటే చట్టం అంగీకరిస్తుంది; అయితే సిగ్నల్ లేని చోట అది తెరుచుకోకపోవచ్చు కనుక జిరాక్స్ కాపీలు కారులో ఉంచుకోవడం తెలివైన పని. తాగడానికి ఉన్నవి కాక మరో ఐదు లీటర్ల నీళ్ళు, టార్చి లైటు, ఎర్రని త్రికోణపు హెచ్చరిక పలక, ప్రథమ చికిత్స పెట్టె చేతికందే చోట ఉండాలి. ప్రమాదం జరిగితే 112కు గానీ 108కు గానీ ఫోను చేయాలి. రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులలో లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించకుండా చికిత్స అందే పథకం 2025 మే నుంచి అమలులో ఉన్నదన్న సంగతి బండిలోని పెద్దలందరికీ తెలిసి ఉండాలి.

కారు ఎంత సిద్ధంగా ఉన్నా నడిపే మనిషి సిద్ధంగా లేకపోతే ప్రయోజనం శూన్యం. పగలంతా పొలం పనో, పెళ్ళి పనో చేసి రాత్రికి స్టీరింగ్ పట్టుకోవడం ఈ ప్రాంతంలో సాధారణం. అర్ధరాత్రి దాటిన తర్వాత తెల్లవారే దాకా శరీరం తనంతట తాను నిద్రకు ఒరుగుతుంది, టీ తాగినంత మాత్రాన ఆ ఒరుగుదల పోదు. రెండు గంటలకోసారి ఆగి దిగి నడవాలి. కళ్ళు మూతపడుతుంటే బండి పక్కకు తీసి ఇరవై నిమిషాలు పడుకోవాలి. వెనుక సీటులో కూర్చున్నవారికి కూడా బెల్టు చట్టప్రకారం తప్పనిసరి, ఆ బెల్టు బకిళ్ళు సీటు సందుల్లో కూరుకుపోయి ఉంటే బయల్దేరే ముందే పైకి లాగి ఉంచాలి.

బయల్దేరే ఉదయం నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కారును ముందుకు నడపడం ఈ ప్రాంతపు ఆచారం. అది ఎంతో మంచి ఆచారం. నిమ్మకాయ పెట్టడానికి వంగిన మనిషి కళ్ళు టైరుకు జానెడు దూరంలో ఉంటాయి. పక్క గోడ మీది ఉబ్బు, గాడిలో ఇరుక్కున్న మేకు, చక్రం లోపలి వైపు జారిన ఆయిలు మరక కనిపించడానికి అంతకంటే మంచి అవకాశం లేదు. ఆ పనిని పిల్లలకు వదిలివేయకుండా బండి నడిపేవారే చేయాలి, చేస్తూ ఒక్కొక్క చక్రాన్ని నిదానంగా చూడాలి.

ఈ అధ్యాయంలో చెప్పిన పనులన్నిటికీ పది రోజులు పట్టవచ్చు గానీ ఒక పనికి పది నిమిషాలు చాలు. దూర ప్రయాణం ఇప్పట్లో లేకపోయినా, పాఠకులు రేపు ఉదయం పెట్రోలు బంకుకు వెళ్ళినప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీకి గాలి కొట్టించుకోవాలి.